బీకాం ఇంటర్న్‌షిప్: ఒప్పందంలో ఏం రాసుకోవాలి?

కామర్స్ అధ్యాపకులకు, ఆడిటర్లకు, వ్యాపార సంస్థల నుంచి వచ్చిన పెద్దలకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరినవారి నుంచి 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం పనిచోటే. ఆలోచన చాలా మంచిది. కానీ దానివల్ల బీకాం విద్యార్థికి పని వస్తుందా రాదా అన్నది కాలేజీ, సంస్థ కలిసి రాసుకున్న కాగితాన్ని బట్టి ఉంటుంది. పరస్పర సహకారం అని రాసి సంతకాలు పెట్టేసి, విద్యార్థి ఏ బల్ల దగ్గర కూర్చుని ఏం చేస్తాడో రాయకపోతే చివరికి జిరాక్సులు, ఫైళ్లు సర్దడమే మిగులుతుంది.

ఒక్క పని తీసుకుందాం. ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో కొనుగోళ్ల రిజిస్టరును జీఎస్టీఆర్-2బీతో, అంటే అమ్మకందారులు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే పట్టీతో సరిచూడటం. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) గురించి మన విద్యార్థి పరీక్షలో రెండు పేజీలు రాయగలడు. ఇక్కడేమో రిజిస్టరులో ఉన్న బిల్లు 2బీలో కనిపించదు. నెలనెలా రిటర్న్ వేసే అమ్మకందారు 11వ తేదీ దాటాక తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేస్తే ఆ బిల్లు తర్వాతి నెల 2బీలోకి పోతుంది. బిల్లు నంబరు ఒకచోట 45 అనీ, ఇంకోచోట 0045 అనీ ఎక్కి ఉండొచ్చు. జీఎస్టీ నంబరు మొదట్లో 36 ఉంటే తెలంగాణ, 37 ఉంటే ఆంధ్రప్రదేశ్. హైదరాబాద్ నుంచి విజయవాడ షాపుకు వచ్చిన సరుకు మీద రాష్ట్రాల మధ్య అమ్మకానికి పడే ఐజీఎస్టీ బదులు రాష్ట్రం లోపలి అమ్మకానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి ఉంటే అక్కడే చెయ్యి ఆగాలి. ఆపైన అమ్మకందారుకు ఫోన్ చేసి, మర్యాద తప్పకుండా గట్టిగా అడిగి, 20న పన్ను లెక్కతేల్చి కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బీ వేసేలోగా తేల్చాలి. ఉద్యోగమిచ్చేవారు వెతికే నేర్పు ఇదే. పాఠ్యపుస్తకంలో లెక్కలు ముందే సరిపోయి ఉంటాయి కాబట్టి తరగతిలో ఇది అబ్బదు. పద్దుల సాఫ్ట్‌వేర్ టాలీని లైసెన్సు లేకుండా నేర్చుకునే ఎడ్యుకేషనల్ మోడ్‌లోనైతే నెలలో 1, 2, 31 తేదీలకే వోచర్లు పడతాయి. రోజువారీ పద్దు ఎలా సాగుతుందో దాన్నిబట్టి ఎలా తెలుస్తుంది?

సంస్థల భయం కూడా న్యాయమైనదే. క్లయింట్ల వివరాలు బయటి పిల్లల చేతికి ఎవరిస్తారు? అందుకే గోప్యతా పత్రం మీద విద్యార్థి, కాలేజీ ఇద్దరూ సంతకం చేయాలి. పోర్టల్ పాస్‌వర్డ్ ఇవ్వనక్కర్లేదు, దించిన ఎక్సెల్ ఫైలు చాలు. టాలీలో ఎంట్రీ వరకే అనుమతి ఉన్న యూజర్‌ను పెట్టుకోవచ్చు.

పని నేర్పేవారి పేరు ఒప్పందంలోనే ఉండాలి. ఒక్కొక్కరి దగ్గర ముగ్గురు నలుగురికి మించి విద్యార్థులు వద్దు. అరవై మందిని ఒకే ఆఫీసుకు పంపితే సర్టిఫికెట్లు వస్తాయి, పని రాదు. రెండు నెలల ఇంటర్న్‌షిప్ 1వ తేదీన మొదలవ్వాలి, అప్పుడే 11, 14 (2బీ వచ్చే రోజు), 20 తేదీల ఒత్తిడి రెండుసార్లు చూస్తారు. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో మార్చి నెలాఖరు పడితే మరీ మేలు. ఖాతాల ముగింపు కళ్లారా చూస్తారు.

పదిహేను రోజులకోసారి వెళ్లే అధ్యాపకుడు హాజరు పట్టీ చూసి వచ్చేయకూడదు. ఈ వారం సరిపోని బిల్లు ఒకటి చూపించి, ఎందుకు సరిపోలేదో చెప్పమని అడగాలి. చెప్పలేకపోతే ఆ విద్యార్థికి వేరే పని ఇవ్వమని అదే రోజు అక్కడివారితో మాట్లాడి రావాలి.