త్యాగరాయనగర్: చెరువును పూడ్చి కట్టిన పేట

అందరికీ నమస్కారం.

టి. నగర్ అనగానే మనకి గుర్తొచ్చేవి పట్టుచీరలు, బంగారం కొట్లు, పాండీ బజార్ తోపులాట. నూరేళ్ళ కిందట అక్కడ ఉన్నది చెరువు. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు పొడుగ్గా సాగేది కాబట్టి దొరలు దాన్ని లాంగ్ ట్యాంక్ అనేవారు. మద్రాసులో ఇళ్ళకి చోటు చాలడం లేదని 1923 ప్రాంతంలో మాంబళం వైపు దాన్ని పూడ్చడం మొదలుపెట్టారు.

అప్పుడు మద్రాసులో బ్రాహ్మణేతరుల పార్టీ అయిన జస్టిస్ పార్టీ ప్రభుత్వం. దానికి పెద్ద, ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్నది పానగల్ రాజా, అంటే కాళహస్తిలో పుట్టిన పానగంటి రామారాయణింగారు. అంతకుముందు 1920లో ఆ పదవి ఇస్తామంటే వద్దన్న ఆ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారు 1925లో పోయారు. పేటకి ఆయన పేరు పెట్టారు, నడుమ ఉన్న పార్కుకి రాజావారి పేరు.

ఇద్దరూ తెలుగువాళ్ళే. అందుకని "టి. నగర్ మనదే" అని మనవాళ్ళు మీసం మెలేస్తుంటారు. కాస్త ఆగండి. డాక్టర్ నాయర్ మలయాళీ, నటేశ మొదలియార్ తమిళుడు, ఉస్మాన్ ముస్లిం. వీళ్ళూ జస్టిస్ పార్టీవాళ్ళే, వీళ్ళ పేర్లూ అక్కడి రోడ్లకి, పార్కులకి ఉన్నాయి. నన్నడిగితే ఆ పేట ఒక పార్టీది, అంతేగాని ఏ ఒక్క భాషదీ కాదు.

ఇక ఇళ్ళు. చుట్టూ దొడ్డి, బావి, కొబ్బరిచెట్లు, నడుమ బంగళా. నాకు ఇష్టమైంది వాటి పైకప్పు, మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద పలచని చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఏటవాలు వరుసల్లో సున్నంతో పేరుస్తారు. పైన ఇటుక ముక్కలూ సున్నమూ పోసి, బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుతూ కర్రలతో రోజుల తరబడి కొడతారు. ఎండాకాలంలో లోపల చల్లగా ఉంటుంది.

తర్వాత సినిమావాళ్ళు వచ్చారు. ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల, హబీబుల్లా రోడ్డులో సావిత్రి, బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్. తిరుపతి వెళ్ళిన యాత్రికుల బస్సులు అట్నుంచి అటే ఎన్టీఆర్ ఇంటి ముందు ఆగేవి. వెంకన్న దర్శనం అయ్యాక ఈయన దర్శనం!

ఆ తరం ఇళ్ళు చాలావరకు పోయాయి. ఊరికే పాడుబడి కాదు. నేల ధర ఆకాశాన్నంటింది. వాన కారే మద్రాస్ టెర్రస్‌ని పాత పద్ధతిలో బాగుచేసే మేస్త్రీలు దొరకడం కష్టమైంది. వారసులు నలుగురుంటే, తలా ఒక ఫ్లాట్ ఇస్తానన్న బిల్డర్ మాటే నెగ్గింది.