చేతికి అంటని బంతి

శ్రోతలకు నమస్కారం. ఈరోజు బిల్ మజెరోస్కీ అనే బేస్‌బాల్ ఆటగాడి గురించి మాట్లాడుకుందాం. ఆ ఆట తెలియకపోయినా ఫర్వాలేదు, క్రికెట్ తెలిస్తే చాలు.

ఒక్క రనౌట్‌కే మనం కుర్చీలోంచి లేచిపోతాం కదా. బేస్‌బాల్‌లో ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేయొచ్చు. దాన్ని డబుల్ ప్లే అంటారు. బేస్ అంటే రన్నర్ వరుసగా చేరాల్సిన స్థానం. బ్యాటర్ బంతిని నేలబారుగా కొట్టగానే, ఫస్ట్ బేస్ దగ్గరున్న రన్నర్ సెకండ్ బేస్‌కి పరుగెత్తక తప్పదు. ఫీల్డర్ విసిరిన బంతిని సెకండ్ బేస్‌మన్ అందుకుని, కాలితో బేస్ తాకి వాణ్ని అవుట్ చేసి, మరుక్షణంలో ఫస్ట్ బేస్‌కి విసిరి బ్యాటర్నీ అవుట్ చేయాలి. ఈలోగా ఆ రన్నర్ జారుకుంటూ వచ్చి కాళ్ల మీద పడతాడు!

మజెరోస్కీ సెకండ్ బేస్‌మనే. బంతిని పట్టాడా లేదా అన్నది చూసేవాళ్లకి తెలిసేది కాదు. అప్పటికే అది వెళ్లిపోయేది. అందుకే ‘నో టచ్’ అని పేరొచ్చింది. గ్లవ్ కూడా చిన్నదే వాడేవాడు. పెద్దదైతే బంతి బయటికి తీసేసరికి ఆలస్యమైపోతుంది మరి.

బొగ్గు గని కార్మికుడి కొడుకు. పదిహేడేళ్లకే పిట్స్‌బర్గ్ పైరేట్స్ తీసుకుంది. 1956 నుంచి 1972 దాకా ఆ ఒక్క జట్టుకే ఆడాడు. మేటి ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు 8, మొత్తం డబుల్ ప్లేలు 1,706. ఒక్క 1966లోనే 161. ఈ రెండు డబుల్ ప్లే లెక్కల్నీ సెకండ్ బేస్‌మన్లలో ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

కానీ జనం గుర్తుపెట్టుకున్నది బ్యాటింగ్‌ని! 1960 వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌ని తేల్చే పోరు. అందులో చివరిదైన ఏడో మ్యాచ్, న్యూయార్క్ యాంకీస్ మీద, స్కోరు 9-9. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మజెరోస్కీ కొట్టిన బంతి గోడ దాటింది, అంటే హోమ్ రన్. సిరీస్ పైరేట్స్‌ది. 2001లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదికెక్కినప్పుడు ఫీల్డింగ్‌కీ అక్కడ చోటుండాలన్నాడు. అంతలోనే ఏడుపొచ్చి, రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టేశాడు.

ఆ 1960 మ్యాచ్ జరిగిన మైదానం ఇప్పుడు లేదు, గోడలో కొంత భాగం మిగిలింది. ఏటా అక్టోబర్ 13న అభిమానులు అక్కడ చేరి ఆ మ్యాచ్ రేడియో వ్యాఖ్యానం వింటారు. నన్నడిగితే, హోమ్ రన్ కంటే ఎనిమిదో ఇన్నింగ్స్‌ని చెవులు రిక్కించి వినాలి. పైరేట్స్ 4-7తో వెనకబడి ఉంది. యాంకీస్‌కి తేలిగ్గా డబుల్ ప్లే అయ్యే బంతి వచ్చింది. అది ఎగిరి వాళ్ల షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) టోనీ క్యూబెక్ గొంతుకి తగిలింది. ఒక్కరూ అవుట్ కాలేదు. ఆ ఇన్నింగ్స్‌లో పైరేట్స్‌కి 5 పరుగులొచ్చాయి.