కండక్టరు ఎక్కిన మెట్లు, ముప్పై ఏళ్ల లెక్క

సభకు నమస్కారం.

తినే తిండికీ, బతికే తీరుకూ, ఆరోగ్యానికీ సంబంధం ఉందని మీకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే ఆ సంబంధం ఎంత ఆలస్యంగా బయటపడుతుందో మాత్రం మనం తరచూ మరిచిపోతుంటాం. ఇవాళ ఎక్కువైన ఉప్పుకు రేపు పొద్దున నొప్పి పుట్టదు; రక్తపోటు కొద్దికొద్దిగా పెరుగుతూ, ధమనుల గోడలు బిరుసెక్కుతూ, వాటి లోపలి పొరలో కొవ్వు పేరుకుంటూ ఇరవై ముప్పై ఏళ్లు గడిచాక, ఒకనాడు గుండెపోటుగానో పక్షవాతంగానో బయటపడుతుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు ఫలానా అలవాటు వల్లే ఫలానా జబ్బు వచ్చిందని తేల్చడం తేలిక కాదు. ఎలా తేల్చారన్న సంగతి మీదే నేను ఎక్కువసేపు మాట్లాడదలిచాను.

లండన్‌లోని రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లో ఒక అధ్యయనం ప్రచురించింది. డ్రైవరు పని గంటలన్నీ సీట్లో కూర్చునే ఉంటాడు. అదే బస్సులో కండక్టరు టికెట్లు ఇచ్చేందుకు పైకీ కిందికీ తిరుగుతూ రోజుకు వందల మెట్లు ఎక్కుతాడు. గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువగా, మరింత ప్రాణాంతకంగా కనిపించింది. అసలు లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్లుగా చేరారేమో అని మీకు సందేహం రావచ్చు; మోరిస్‌కూ వచ్చింది. ఆయన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తెప్పించుకుని చూశారు. డ్రైవర్ల నడుములు నిజంగానే కాస్త పెద్దవి. కానీ ఒకే కొలత ఉన్నవారిని పక్కపక్కన పెట్టి చూసినా ముప్పు కండక్టర్లకే తక్కువగా తేలింది. దర్జీ లెక్కలతో గుండెజబ్బు చిక్కుముడి విప్పడం, నా మటుకు నాకు, వైద్య చరిత్రలో ఎంతో ముచ్చటైన ఘట్టం.

మెట్లలో ఏముంది? పనిచేస్తున్న కండరం, చక్కెరను కణాల్లోకి చేర్చే హార్మోనైన ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. పని ఆగిన తర్వాత కూడా కొన్ని గంటలపాటు ఇన్సులిన్‌కు చురుగ్గా స్పందిస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఇక తిండి. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెలపాటు పరిశోధనా కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో విపరీతంగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు అలా చేయని ఆహారం వడ్డించింది. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింటిలోనూ సమానమే. తినడం మాత్రం వారి ఇష్టం. ప్రాసెస్ చేసిన ఆహారం పెట్టిన రోజుల్లో వాళ్లు త్వరత్వరగా తిన్నారు, రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువు పెరిగారు. 2019లో వెలువడిన ఈ ఫలితం చూశాక, అతిగా తినేవారిని నిగ్రహం లేదని నిందించడానికి నాకు మనసొప్పదు.

నెల రోజుల ప్రయోగం ముప్పై ఏళ్ల సంగతి చెప్పలేదు కదా అంటే, చైనాలోని దాచింగ్ నగరానికి వెళ్లాలి. 1986లో అక్కడ, మధుమేహం అంచున ఉన్న 577 మందితో ఒక అధ్యయనం మొదలైంది. కొందరికి ఆహారంలో, కొందరికి వ్యాయామంలో, మరికొందరికి రెండింటిలోనూ ఆరేళ్లపాటు మార్పులు చేయించారు. ఇంకొందరిని పోలిక కోసం మామూలుగానే వదిలారు. కార్యక్రమం 1992లో ముగిసింది, గమనించడం మాత్రం ముగియలేదు. ముప్పై ఏళ్లకు లెక్క తీస్తే, అలవాట్లు మార్చుకున్నవారికి మధుమేహం దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు నాలుగో వంతు తగ్గాయి. ఆయుష్షు సగటున ఏడాదిన్నర దాకా పెరిగింది. ఏడాదిన్నరేనా అని పెదవి విరిచేవారు, అది ఎప్పుడో ఆపేసిన ఆరేళ్ల ప్రయత్నానికి దక్కిన ఫలమని గమనించాలి.