ఫోనులోని నాన్న ఫొటోకు నెగటివ్ చేశాను

నమస్కారం అండి. మాంచెస్టర్‌లో శనివారం ఉదయం, బయట ముసురు పట్టి ఉంది. ఈ రోజు వీడియోలో వంట లేదు, బజారు లేదు. మా నాన్న ఫొటో ఒకటి కడగబోతున్నాను. కడగడం అంటే పాత రోజుల్లో మనం అన్న అర్థంలోనే: బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్, దాన్ని నిలిపి ఉంచే హైపో, పారే నీళ్ళు.

ఫొటో ఇదిగో. పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా వరండాలో ఫోనుతో తీశాను. నాన్న కుర్చీలో కూర్చున్నారు. తెల్ల చొక్కా, వెనక సున్నం కొట్టిన గోడ, ముఖం మీద ఏటవాలుగా పొద్దుటి ఎండ. ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. ఎవరెవరి పెళ్ళి ఫొటోలో ఆయన చేతుల మీదుగా తయారయ్యాయి. ఆయన ఫొటో మాత్రం ఆ వెండి కాగితం (వెండి లవణాలు పూసిన పాతకాలపు ఫొటో కాగితం) మీద మా ఇంట్లో ఒక్కటీ లేదు. అది నాకు చాలాకాలంగా లోటుగా ఉంది.

అయితే ఫోనుతో తీసిన ఫొటోకు నెగటివ్ ఉండదు కదా. మనమే తయారు చేయాలి. కంప్యూటర్‌లో బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి, తెలుపును నలుపుగా, నలుపును తెలుపుగా తిప్పి, ఇంక్‌జెట్ ప్రింటర్‌తో పారదర్శక ఫిల్ము మీద అచ్చు వేయాలి. దాన్ని ఫొటో కాగితం మీద బోర్లించి, వెలుతురు పంపాలి. ఇంకు ఉన్న వైపు కాగితానికి తగలాలి కాబట్టి బొమ్మను ముందే కుడిఎడమలు మార్చి పెట్టుకోవాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు ఐదు వారాంతాలు పట్టింది.

మొదటి నెగటివ్ కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఎంత అందంగా ఉందో! ప్రింటు తీస్తే చొక్కా లేదు. మడతలు లేవు, గుండీలు లేవు, గోడా చొక్కా ఒకే తెలుపు. నుదురు సుద్దలా ఉంది. కారణం ఏమిటంటే, మామూలు (రెండో గ్రేడు) వెండి కాగితం కటిక నలుపు నుంచి తెల్లని తెలుపు దాకా వెళ్ళడానికి వెలుతురులో సుమారు పదిరెట్ల తేడా చాలు. ప్రింటర్ తన మానాన ఇంకు పోస్తే నెగటివ్‌లో తేడా అంతకంటే చాలా ఎక్కువవుతుంది. చొక్కా ఉన్న చోట ఇంకు అంత మందంగా పడింది, వెలుతురు కాగితం దాకా రానే లేదు. కాబట్టి నెగటివ్ చూడటానికి కాస్త వెలవెలబోయేలా, పల్చగా ఉండాలి.

రెండోది రంగు సంగతి. ఇది నన్ను బాగా తిప్పలు పెట్టింది, అందుకే కొంచెం నిలిచి చెబుతాను. ప్రింటర్ బూడిద రంగు వేసేటప్పుడు నల్ల ఇంకు ఒక్కటే వాడదు, రంగు ఇంకులన్నీ కలుపుతుంది. మన కంటికి అది బూడిదే. కానీ మల్టీగ్రేడ్ కాగితానికి నీలం, ఆకుపచ్చ వెలుతురు మాత్రమే తెలుసు. నీలం పడితే బొమ్మ కఠినంగా, అంటే నలుపు తెలుపుల తేడా (కాంట్రాస్ట్) ఎక్కువగా, ఆకుపచ్చ పడితే మెత్తగా వస్తుంది. అందుకే డార్క్‌రూమ్‌లో పసుపు ఫిల్టరు పెట్టి కాంట్రాస్ట్ తగ్గిస్తారు. ఇప్పుడు ఆలోచించండి: నెగటివ్‌లో కలిసిన పసుపు ఇంకు కంటికి కనీకనిపించకుండా ఉంటుంది, కాగితం ముందు మాత్రం గోడలా నిలబడి నీలాన్ని ఆపేస్తుంది. నాన్న చెంప మీద ఒక చోట కఠినంగా, ఇంకో చోట మెత్తగా ఎందుకు వస్తోందో అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత నల్ల ఇంకుతో మాత్రమే అచ్చు వేశాను. నెగటివ్ బాగుందో లేదో తేల్చాల్సింది కాగితమే, నా కన్ను కాదు.

మరి కాగితాన్ని అడగడం ఎలా? ఇంకు లేని ఖాళీ ఫిల్మును కాగితం మీద పెట్టి, రెండేసి సెకన్ల చొప్పున వెలుతురు పెంచుకుంటూ ఒక పట్టీ తీశాను. ఎక్కడి నుంచి నలుపు ఇంక పెరగడం లేదో అక్కడ ఆగాలి. నాకు 14 సెకన్లు వచ్చింది. ఆ సమయంతోనే తెలుపు నుంచి నలుపు దాకా 21 గడులు ఉన్న పట్టికను ప్రింటు తీసి స్కాన్ చేశాను. ఏ గడి ఎంత తప్పిందో చూసి కంప్యూటర్‌లో కర్వ్‌ను, అంటే ఏ ఛాయకు ఎంత ఇంకు పడాలో చెప్పే గీతను, సరిచేశాను. అలా మూడుసార్లు.

మధ్యలో ఒక నష్టం జరిగింది. ఇంకు ఆరకముందే గాజు పలక కింద పెట్టాను. నెగటివ్ కాగితానికి అంటుకుపోయింది, లాగితే రెండూ పాడయ్యాయి. ఇప్పుడు రాత్రంతా ఆరనిస్తున్నాను. గోడ మీద సన్నని అడ్డగీతలు కూడా వచ్చేవి. వెండి కాగితం మహా నునుపు, ప్రింటర్ తల నడిచిన ప్రతి జాడనూ పట్టి చూపిస్తుంది. అత్యధిక నాణ్యతతో, ఒకే దిశలో అచ్చు వేయమంటే గీతలు పోయాయి.

ఇక్కడి నుంచి కాసేపు మీకు చీకటే కనిపిస్తుంది. ఫోను వెలుగు పడితే కాగితం పాడవుతుంది కాబట్టి నల్లగుడ్డ కప్పాను, నా మాట మాత్రం వినండి. నలుగురూ వాడుకునే డార్క్‌రూమ్ ఇది, ఎర్రదీపం ఒక్కటే వెలుగుతోంది. ఈ ఇల్‌ఫర్డ్ కంపెనీ కాగితం తయారయ్యేది ఇక్కడికి దగ్గర్లోని మొబర్లీలో. మీరు మాంచెస్టర్‌కు విమానంలో వస్తే దిగేది దాదాపు ఆ ఊరి పక్కనే. ఈ దేశంలోనే, విల్ట్‌షైర్‌లోని లేకాక్‌లో, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన టాల్బట్ 1835లో తన ఇంటి కిటికీని చిన్న నెగటివ్‌గా పట్టుకున్నాడు. తర్వాత ఆయన కూడా కాగితపు నెగటివ్‌లను మరో కాగితానికి అదిమి ఎండలో పెట్టే ప్రింట్లు తీశాడు. నేనిప్పుడు చేస్తున్నది ఆ పనే. ఎండకు బదులు ఎన్‌లార్జర్ (ఫొటోను పెద్దది చేసే యంత్రం) దీపం, అంతే.

పద్నాలుగు సెకన్లు అయ్యాయి. కాగితాన్ని డెవలపర్‌లోకి జార్చాను, ట్రే మెల్లగా ఊపుతున్నాను. ముందు కుర్చీ కింద నీడ వచ్చింది. జుట్టు... కళ్ళు... ఇప్పుడు చొక్కా జేబు అంచు. రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, ఆపైన హైపో.

దీపం వేశాను, చూడండి! గుండీలు లెక్కపెట్టవచ్చు.

బయటికి రాగానే నాన్నకు వీడియో కాల్ చేశాను. ప్రింటు చూపించబోతే ఆగమన్నారు.

"ముందు నెగటివ్ చూపించమ్మా."

కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. స్టూడియోలోనూ ఇలాగే చూసేవారు. నెగటివ్ వెనక తెల్ల కాగితం పట్టుకుని, "మొహం మందంగా ఉంది, ఇంకో రెండు సెకన్లు" అనేవారు. ముడతలున్న చోట సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు.

"ముఖం బాగుంది. గోడ దగ్గర మందం ఎక్కువైంది. ఎంత ఇచ్చావు?"

"14 సెకన్లు, నాన్నా."

"పదహారు ఇచ్చి చూడు. టచింగ్ మాత్రం చేయకు, ముడతలు ఉండనీ."

మళ్ళీ లోపలికి వెళ్ళాను. ఇదిగో, ఎడమ వైపుది పద్నాలుగు, కుడి వైపుది పదహారు. కుర్చీ కింద నీడ కాస్త మూసుకుపోయింది, నిజమే. గోడ మీద సున్నం పెచ్చులు చూడండి.