బాటో పోసిన ఆయిల్, రైకర్ నొక్కిన స్విచ్

నమస్తే అండీ. రోబో కథ అనగానే మనకు రెండు రకాలే గుర్తొస్తాయి. ఒకటి ఎర్రకళ్లేసుకుని మనుషుల మీద పడేది, రెండోది మనిషైపోవాలని కుమిలిపోయేది. ఇవాళ ఈ రెండూ కాని ఒక నీలం సాలీడు సంగతి చెప్తాను.

సిరీస్ పేరు 'ఘోస్ట్ ఇన్ ద షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్'. 2002లో మొదలైన జపాన్ అనిమే, అంటే యానిమేషన్ సిరీస్, దర్శకుడు కెంజీ కామియామా. కథ సెక్షన్ 9 అనే ప్రత్యేక దళానిది, రంగంలో దాన్ని నడిపించేది మేజర్ కుసనాగి. కానీ నా దృష్టిలో అసలు హీరోలు తచికోమాలు. నీలం సాలీళ్లలా గోడలెక్కే, సొంతంగా ఆలోచించే చిన్న సైజు రోబో ట్యాంకులు, గొంతులేమో చిన్నపిల్లలవి. మొదటి రెండు మూడు ఎపిసోడ్లు ఆ కీచుగొంతు భరించలేక సౌండ్ తగ్గించుకుని చూశాను, అబద్ధమెందుకు.

వీటి జ్ఞాపకాలన్నీ ఎప్పటికప్పుడు కలిపేస్తుంటారు. ఒకటి చూసింది మిగతావాటికీ వచ్చేస్తుంది. అంటే ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఉండకూడదు. అయితే ఆ దళంలోనే ఉండే బాటో అనే ఆయన ఎప్పుడూ ఒకే తచికోమాను వెంట తీసుకెళ్తాడు. మిగతావాటికి మామూలు సింథటిక్ ఆయిల్, దానికి మాత్రం సహజమైన ఆయిల్ తెచ్చి పోస్తాడు. దసరాకి బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, తాళం మాత్రం ఎవరికీ ఇవ్వని బాబాయిలు మనకూ ఉంటారు కదా, ఆ టైపు మనిషి.

ఆ గారాబం అక్కడితో ఆగదు. 12వ ఎపిసోడ్‌లో ఆ తచికోమాయే చెప్పా పెట్టకుండా ఊళ్లోకి వెళ్లిపోతుంది. తన కుక్కను వెతుక్కుంటున్న ఒక చిన్నపాప ఎదురవుతుంది. ఫైటింగులు లేవు, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు, అంతే. కానీ జ్ఞాపకాలకు బ్యాకప్ ఉన్న ఈ జీవికి చావంటే ఏంటో తెలియాల్సి వస్తుంది. 15వ ఎపిసోడ్‌లో అన్నీ షెడ్డులో చేరి, మనలో ఈ తేడా ఎలా వచ్చిందబ్బా అని గోల గోలగా చర్చ పెడతాయి. ఒకటేమో మూలన పుస్తకం చదువుకుంటూ ఉంటుంది! మేజర్‌కి టెన్షన్ ఇక్కడే. సొంత బుర్రతో ఆలోచించే ఆయుధాన్ని రేపు యుద్ధంలో ఎలా నమ్మాలి? వాటిని పక్కన పెట్టేస్తుంది. ఆమెను తప్పు పట్టలేం. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

దీని పక్కన పెట్టి చూడాల్సింది 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో 1989లో వచ్చిన 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ఎపిసోడ్. రాసింది మెలిండా స్నాడ్‌గ్రాస్, ఆవిడ లాయర్‌గా పనిచేశారు కూడా. డేటా అనే ఆండ్రాయిడ్‌ను, అంటే మనిషి రూపంలో ఉండే రోబోను, విప్పి పరిశోధన చేస్తానంటాడు ఒక శాస్త్రవేత్త. డేటా ఒప్పుకోడు. నువ్వు స్టార్‌ఫ్లీట్ (డేటా పనిచేసే అంతరిక్ష దళం) ఆస్తివి, నీ ఒప్పుకోలు ఎవడిక్కావాలి అంటారు. విషయం విచారణకు వస్తుంది. డేటాకు వ్యతిరేకంగా వాదించాల్సింది ఎవరు? అతని స్నేహితుడు రైకర్. మనసు పెట్టి వాదించకపోతే కేసు అక్కడికక్కడే డేటా ఓడినట్టు.

డేటా తరఫున నిలబడ్డ కెప్టెన్ పికార్డ్ వాదన గురించి అందరూ మాట్లాడతారు. బాగుంటుంది, కాస్త ఉపన్యాసం. నాకు మాత్రం అంతకుముందు వచ్చే ఒక చిన్న షాట్ కావాలి. రైకర్ ఒక్కడే కూర్చుని స్క్రీన్ మీద డేటా నిర్మాణం చదువుతుంటాడు. ఏదో దొరుకుతుంది, దొరికిందిరా అన్నట్టు నవ్వుతాడు. ఆ నవ్వు అలాగే చచ్చిపోతుంది. దొరికింది ఆఫ్ స్విచ్. మర్నాడు అందరి ముందూ అది తనే నొక్కాలి. నొక్కుతాడు, డేటా బల్ల మీదకి వాలిపోతాడు.

రెండు కథల్లోనూ నేను యంత్రం కంటే పక్కనున్న మనిషినే ఎక్కువ చూశాను. డేటాకు ఆత్మ ఉందో లేదో తేల్చడం తన వల్ల కాదని జడ్జి కూడా ఒప్పుకుంటుంది. బాటోకి ఆ ప్రశ్నే రాలేదు, ఆయిల్ పోశాడంతే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అనిమేలో రాజకీయ కుట్ర భాగం చాలా చిక్కుముడి, పేర్లు గుర్తుపెట్టుకోవడానికి నేను కాగితం మీద రాసుకున్నాను. స్టార్ ట్రెక్ సెట్లు చూస్తే నవ్వొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, స్టార్ ట్రెక్‌లో ఆ ఒక్క ఎపిసోడ్ విడిగా చూసినా అర్థమవుతుంది. అనిమేలో మాత్రం 12, 15 వదలకండి, వాటి తర్వాతే 25. పక్కన పెట్టేసిన తచికోమాలు బాటో ప్రమాదంలో ఉన్నాడని తెలిసి ఎవరూ పిలవకుండానే పరుగెత్తుకొస్తాయి. ఆ ఎపిసోడ్ రాత్రి ఒంటిగంటకు చూడకండి. నేను చూశాను, ఇంట్లోవాళ్లు లేచి ఏమైందని అడిగితే ట్యాంకు కోసం ఏడుస్తున్నానని చెప్పలేకపోయాను.