బోటికెంత పన్ను, తలకాయకెంత?

(ఒంగోలులో మామ వాళ్ల వరండాలో రికార్డు చేసిన ఎపిసోడ్. మధ్యలో కుక్కర్ విజిల్ వినపడితే సర్దుకోండి.)

అల్లుడు: నమస్కారం అందరికీ. పొద్దున్నే నెల్లూరులో బయల్దేరి వచ్చి మామ ముందర మైకు పెట్టా. పశువుల ఆసుపత్రిలో చేసి రిటైరయ్యాడు మామ. గొర్రెల సంగతి ఆయన్ని అడక్కుండా నేను మాట్లాడితే ఇంట్లోకి రానీరు. మామా, పశువుల గ్యాసుతో వాతావరణం వేడెక్కుతుందని మాంసం మీద పన్నెయ్యాలంటుండారు, ఏమంటావు?

మామ: ఎవురంటుండారు? మన సంతలో ఎవురూ అనట్లా.

అల్లుడు: డెన్మార్క్‌లో ఏస్తుండారు గదా, 2030 నుంచి.

మామ: రెండూ కలిపేయబాక అబ్బయ్యా. వాళ్లేసేది తినేవాడి పళ్లెం మీద కాదు, పశువు వదిలే గ్యాసు మీద. కట్టేది రైతు. టన్నుకు వాళ్ల డబ్బులో 300 క్రోనర్లు, 2035కి 750. అందులో 60 శాతం మినహాయింపు ఇచ్చారు, అంటే మొదట్లో నికరంగా పడేది 120. అది కూడా రైతు సంఘాన్ని కూర్చోబెట్టి మాట్లాడినాకే, 2024లో ఒప్పుకున్నారు.

అల్లుడు: పళ్లెం మీద కూడా ఒకసారి ఏశారంట గదా?

మామ: ఏశారు. 2011లో కొవ్వు పన్ను. వెన్న, మాంసం, జున్ను, అన్నిటికీ. జనం సరిహద్దు దాటి జర్మనీకి పోయి కొనుక్కొచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఎత్తేస్తామన్నారు. మన నెల్లూరోళ్లయితే తడ దాటి తమిళనాడులో తూకం వేయించుకుని రారూ?

అల్లుడు: (నవ్వు) ఆదివారం పొద్దున్నే కార్లు బారులు తీరతాయి.

మామ: న్యూజిలాండ్‌లో 2003లో పశువుల గ్యాసు మీద పన్ను తెస్తామంటే రైతులు దానికి ‘పిత్తుల పన్ను’ అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. ఒక ఎంపీ ఏకంగా పార్లమెంటు మెట్ల మీదికి ట్రాక్టరు ఎక్కించాడు. అసలు గ్యాసు అట్నుంచి కాదు, తేన్పుల్లో వస్తది. నెమరేసే జీవానికి పొట్టలో గడ్డి పులుస్తది గదా, అక్కడ పుట్టే మీథేన్ అనే గ్యాసు నోట్లోంచే పోతది. ఆవు, గేదె, గొర్రె, మేక, అన్నీ అంతే. కోడికి నెమరు లేదు, ఈ లెక్కలో అది తప్పించుకుంటది.

అల్లుడు: అయితే మటన్ మానేసి చికెన్ తినమంటావా?

మామ: నేననను. మీ అత్త అంటది, రేటు చూసి.

అల్లుడు: మనకిప్పుడు మాంసం మీద జీఎస్టీ ఎంత?

మామ: కొట్టు కాడ కోసిచ్చే మాంసానికి సున్నా. గడ్డకట్టించి, ప్యాకెట్లో పెట్టి లేబులేస్తే 5 శాతం. హోటల్లో కూర్చుంటే నువ్వు పప్పన్నం తిన్నా, మటన్ బిర్యానీ తిన్నా ఒకటే 5 శాతం. పొయ్యి కాడ ఏముందో పన్ను అడగదు. ఇప్పుడు దాన్ని మార్చి మాంసానికి వేరేగా ఎయ్యమంటుండారు. ఏదీ, ఎట్టా ఏస్తావో చెప్పు. పొట్టేలు కోశారు. తొడ కండకెంత? బోటికెంత? తలకాయకెంత? కాళ్లకెంత?

అల్లుడు: కిలోకింత అని...

మామ: కిలోకింత అంటే, కూలికి పోయొచ్చి అరకిలో బోటి పట్టుకుపోయే ఆమెకీ, ఎముకల్లేకుండా కొట్టియ్యమనే వాడికీ ఒకటే పన్ను. ధర మీద శాతం అంటే కొట్టోడు బిల్లు రాయాల. కత్తి మొద్దు పక్కన బిల్లు పుస్తకం చూశావా ఎప్పుడన్నా?

అల్లుడు: నీ మాట ఒప్పుకుంటా. కానీ మామా, పేదోడి గొర్రె అయినంత మాత్రాన మీథేన్ వదలకుండా ఉండదు గదా?

మామ: (కాసేపు ఆగి) ఉండదు. అది నిజమే. ఇంకొకటి చెప్తా, నాకు నచ్చకపోయినా. ఎండుగడ్డి తిని నిదానంగా పెరిగే జీవానికి, మంచి దాణా తిని త్వరగా బరువెక్కే దానికంటే కిలో మాంసానికి గ్యాసు ఎక్కువ పడతది. ఆ లెక్కలో కనిగిరి బీళ్లలో తిరిగే మంద తప్పు కిందికి వస్తది. కానీ ఆ లెక్క గొర్రెని మాంసంగానే చూస్తది. కోతలైనాక చేలో మంద కట్టిస్తారే, రాత్రంతా పడుకోబెట్టి ఎరువు చేయించుకుంటారే, అందుకు రైతు గొర్రెలాయనకి డబ్బో వడ్లో ఇస్తాడు. యూరియా మూట అంత తగ్గుద్ది. ఆ మూటకి ఎంత గ్యాసో కూడా పక్కనేసి చూడాల.

అల్లుడు: నెల్లూరు జాతి గొర్రె అంటే బయట కూడా పేరుంది గదా.

మామ: పొడుగు కాళ్లు, ఉన్ని ఉండదు, ఎండకి నడుస్తది. అది సరే, అసలు తమాషా ఒంగోలు ఎద్దుది. మన పశువుల్ని బ్రెజిల్ తీసుకపోయి పెంచారు. ఆ జాతికి వాళ్లు పెట్టిన పేరేందో తెలుసా? నెలోర్. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులుంటే ఎక్కువ భాగం ఆ నెలోర్ రక్తమే. ప్రపంచంలో ఎక్కువ గొడ్డు మాంసం ఎగుమతి చేసేదీ ఆ దేశమే. ఇక్కడ గిత్తకి బొట్టు పెట్టి దండేస్తాం, బండలాగుడుకి తీసుకపోతాం. అక్కడ అదే రక్తం కోసం అడవి కొట్టేస్తుండారు. వాతావరణం పేరుతో మాంసం మీద పడే గొడవలో సగం మన మేనల్లుళ్ల మీదే అనుకో.

అల్లుడు: మనకి మాత్రం ఈ మాట ఎత్తితే గ్యాసు పక్కకు పోయి ఎవురేం తింటారనే గొడవొస్తది.

మామ: వస్తది. ఈ రాష్ట్రంలో నూటికి 98 మంది మాంసాహారులని కేంద్రం చేసిన 2014 సర్వేనే చెప్పింది. అయినా తినేవాడు తప్పు చేసినట్టు మాట్లాడేవాళ్లు ఉండారు. 2025లో దసరా అక్టోబరు 2న పడింది గుర్తుందా? గాంధీ జయంతి, కొట్లు మూత. ముందురోజు కొట్ల కాడ క్యూ చూశావా? ఒక్క రోజు మూసినందుకే అంత హడావుడి. దాని మీద పన్నంటే, అది నిజంగా పర్యావరణం కోసమేనని నేను చెప్పినా నమ్మరు.

అల్లుడు: రొయ్యల రైతుల్ని చూడు, అమెరికా వాడు 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకపోయాడు. పన్ను కట్టేది అక్కడ దిగుమతి చేసుకునేవాడు. ఇక్కడ చెరువు గట్టు మీద రొయ్య రేటు పడిపోయింది.

మామ: అదే చెప్తుండా! చీటీ ఎవురి పేరున రాసినా బరువు పోయి కింద ఉన్నోడి మీద పడతది. పన్నేస్తే కొట్టోడు మటన్ రేటు పెంచుతాడు, అమ్మకం తగ్గుద్ది, సంతలో పొట్టేలుకి వెయ్యి తక్కువిస్తానంటాడు. గొర్రెలాయన ఏం చేస్తాడు, మళ్లీ ఇంటికి తోలుకపోతాడా, నలభై మైళ్లు?

అల్లుడు: డెన్మార్క్ వాళ్లు వచ్చిన పన్ను డబ్బు మళ్లీ ఆ రంగానికే పెడతామంటుండారు గదా. ఇక్కడ కూడా అట్టా చేస్తే?

మామ: ఇక్కడ పన్ను లేదని ఎవురన్నారు? సంతలో ఆశీలు కట్టట్లా? తలకింత అని చీటీ రాసి చేతిలో పెడతాడు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక సంతకి వారం వారం పోయేవాణ్ణి, టీకాలెయ్యను. ఎండాకాలం నాలుగొందల జీవాలు నాలుకలు బయట పెట్టి నిలబడేవి. ఆశీలు వసూలు వేలంపాటలో దక్కించుకున్న పాటదారుణ్ణి నీళ్ల తొట్టి కట్టించమని అడిగా. మళ్లీ పాటలో చూద్దాం సార్ అన్నాడు. నేను రిటైరయ్యేదాకా నాలుగు పాటలు జరిగాయి.

అల్లుడు: తొట్టి కట్టారా?

మామ: బోరింగు కాడి నుంచి బిందెల్తో మోసేవాళ్లు. ఇప్పటికీ అంతే.