ఇంటి పన్ను ముచ్చట, మధ్యల ఎనిమిది పైసలు

నరేష్: నమస్తే అందరికి. ఏప్రిల్ పడ్డది, ఎండలు ముదిరినయ్, ఇంటి పన్ను బిల్లులు వచ్చినయ్. ఇయ్యాల మన పాడ్‌కాస్ట్‌ల గదే ముచ్చట. అక్కా, కుక్కర్ బంద్ చేసినవా?

సుజాత: చేసిన. పోయినసారి లెక్క కాదు.

నరేష్: సరే. ముందు పైసల మాట. మన తెలంగాణ మున్సిపాల్టీలల్ల ఏప్రిల్ 30 లోపల ఏడాది పన్ను ఒక్కసారే కడితే 5 శాతం తగ్గుతది. 3,000 పన్నుంటే 150 మిగిలినట్టే. బాకీ పెడితే నెలకు 2 శాతం మిత్తి. అంటే ఏడాదికి 24 శాతం.

సుజాత: ఊళ్ల మిత్తి వ్యాపారం లెక్కనే ఉన్నది.

నరేష్: ఒక్కోసారి సర్కారోళ్లు పాత బాకీల మిత్తిల 90 శాతం మాఫీ అంటరు. దానికోసం ఎదురుచూసేటోళ్లు ఉన్నరు. పేరు చెప్పనుగని, ఇక్కడ్నే కూసున్నది.

సుజాత: ఒక్కసారే అట్ల చేసిన! బిల్లు చూడు. మా మామయ్య పేరు మీదనే ఉన్నది. ఆయన పోయి ఆరేండ్లాయె.

నరేష్: మార్పించలేదా?

సుజాత: పోయిన. ఒక కాయితం తక్కువున్నదన్నరు. తిరిగొచ్చి కవర్ల పెట్టిన, నల్లా రసీదుల పక్కన. ఇగ అంతే. ఆగు, ఇది చూసినవా? గ్రంథాలయ పన్ను.

నరేష్: వచ్చింది నీ లైబ్రరీ ముచ్చట! ఈసారి మూడు నిమిషాలు ఆగినవ్, శాబాష్.

సుజాత: నవ్వకు. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు లైబ్రరీది. 1960 గ్రంథాలయాల చట్టం. నువ్వు చెప్పిన 3,000కు 240 రూపాయలు. నీ 150 కంటే ఎక్కువనే. ఎన్నడన్న పోయినవా లైబ్రరీకి?

నరేష్: ఫోన్ల అన్నీ ఉన్నయి గదక్కా.

సుజాత: నీకున్నయి. మా వాడల రీడింగ్ రూమ్‌ల పొద్దుగాల ఏడింటికే పోరగాళ్లు లైన్ కడ్తరు, గ్రూప్స్‌కు చదివేటోళ్లు. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, కుర్చీల వేసుకునే మెత్త, అన్నీ ఇంటినుంచే. ఉన్నవి రెండు ఫ్యాన్లు. ఒకటి తిరుగుతది, ఇంకోటి చప్పుడు చేస్తది.

నరేష్: మరి మన 8 పైసలు ఏడికి పోతున్నయ్?

సుజాత: గదే గదా నేనడిగేది! వసూలు చేసేది మున్సిపాల్టీ, ఖర్చు పెట్టాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థ. నడుమ ఎన్ని రోజులు ఆగుతదో ఎవల్ని అడగాలె?

నరేష్: అక్కా, పన్ను లెక్క ఎట్ల కడ్తరో చెప్దమనుకున్నం...

సుజాత: చెప్పు, నేనొద్దన్ననా. హన్మకొండల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904ల పెట్టిన్రు. నిజాం జమానా, కచేరి ఉర్దూల నడిచేది. తెలుగు పుస్తకానికి ఒక జాగ ఉండాలని పెట్టుకున్నరు. అప్పుడు ఈ లైబ్రరీ పన్ను ఏడున్నది?

నరేష్: లేదు.

సుజాత: మా నాయిన ఆడ్నే పేపర్ చదివేటోడు. ఒక్క పేపరు నలుగురు పంచుకునేటోళ్లు, ఒక్కో తావు ఒక్కొక్కరి చేతుల. ఆటల పేజీ మా నాయినది. కింద పెట్టేముందు నాలుగు మడతలు సాపు చేసి పెట్టేటోడు. ఇంట్ల గూడ అట్లనే పెట్టేది.

నరేష్: ...

సుజాత: ఏంది, మాట్లాడవు?

నరేష్: ఏం లేదు. చెప్తా. మన దగ్గర లెక్క ఇంటికి ఏడాదికి ఎంత కిరాయి వస్తదన్న అంచనా మీద. ఎన్ని గజాలు, ఏ వాడ, స్లాబా రేకులా, ఉండెటందుకా దుకాణానికా, అన్నీ చూస్తరు. 75 గజాల లోపల, పైన ఒక్క అంతస్తు వరకే ఉంటే ఏడాదికి 100 రూపాయలే. 2019 మున్సిపల్ చట్టం. మన ఇల్లు ఎంతున్నదో మనమే రాసియ్యాలె, తప్పు రాస్తే 25 రెట్లు జరిమానా.

సుజాత: 25 రెట్లా! మీ మేడ మీది రేకుల షెడ్డు రాసిచ్చినవా?

నరేష్: అది కోళ్లకు అక్కా.

సుజాత: కోళ్లకు ఏసీ పెట్టినవా? మొన్న చూసిన.

నరేష్: అది ఎడిట్‌ల తీసేస్తా...

సుజాత: తీయకు. ఆగాగు, నల్లా వచ్చింది. బిందెలు పెట్టి వస్తా.